మన రాష్ట్రాన్ని ముందు మనం చూసొద్దాం

 

ప్రతి ఏడూ సంక్రాంతి సెలవుల ముందు మన హాస్టల్లో ఒకటే గొడవ. "ఈసారి టూరు ఎక్కడికి?" అని. సగం మంది హైదరాబాదు అంటారు. సగం మంది విశాఖపట్నం బీచి అంటారు. నేనూ పోయినేడు హైదరాబాదు అని చెయ్యెత్తినోణ్ణే. ఇప్పుడు నా మాట మారింది. ఎందుకు మారిందో, మనం ఎక్కడికి పోతే బాగుంటుందో, ఎట్టా పోవాలో ఈ వ్యాసంలో రాస్తున్నాను. పెద్దగా ఉందని వదిలేయకుండా చివరిదాకా చదవండి.

ముందు నా తప్పు చెప్తాను

పోయినేడు ఒక ఆదివారం పది మందిమి కలిసి ఉండవల్లి గుహలకు నడిచిపోయినాం. అక్కడ మెట్లెక్కి, కోతుల్ని చూసి, ఫొటోలకి నిలబడి, ఇక చేసేదేం లేక నేను కంపాసు ముల్లు తీసి రాతి మీద నా పేరు గీకడం మొదలెట్టాను. రెండక్షరాలు అయినాయో లేదో కాపలా తాత వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. "ఏ ఊరు బాబూ మీది? ఏం చదువుతున్నావు?" అని అడిగాడు. చెప్పాను. "చదువుకున్నోడివి. ఈ రాయి చెక్కినోడు తన పేరు ఎక్కడన్నా రాసుకున్నాడేమో వెతుకు" అన్నాడు.

వెతికాను. నాకు కనపడలేదు. అంత పెద్ద కొండను తొలిచినోళ్లు పేరు రాసుకోలేదు, ఏమీ చెయ్యని నేను రాసుకుంటన్నా అని సిగ్గేసింది. ఆ రెండక్షరాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. రాతి మీద గీత బట్ట మీద మరక లాంటిది కాదు, ఉతికితే పోదు. అవి ఏ అక్షరాలో మాత్రం చెప్పను.

ఆ రోజు నుంచి లైబ్రరీలో దొరికినవి చదవడం, సోషల్ మాస్టారిని అడగడం మొదలెట్టాను. తెలుసుకున్నవే ఇవి.

1. ఉండవల్లి: మన గుమ్మం ముందర

ఉండవల్లి మన తాడేపల్లి మండలంలోదే. ఇసుకరాతి కొండను ముందు నుంచి లోపలికి తొలిచి నాలుగు అంతస్తులుగా చేశారు. ఇటుక లేదు, సున్నం లేదు. విష్ణుకుండినుల కాలం నాటిదని, అంటే సుమారు 1500 ఏళ్ల కిందటిదని చెప్తారు. మొదట బౌద్ధ భిక్షువులు ఉండటానికి మొదలైందని, తర్వాత హిందూ గుడిగా మారిందని చాలా మంది చరిత్రకారుల అభిప్రాయం. మూడో అంతస్తులో పాము మీద పడుకున్న అనంత పద్మనాభ స్వామి పెద్ద విగ్రహం ఉంది. మన వాళ్లలో నలుగురు వరసగా పడుకుంటే గానీ దాని పొడవు తెలియదు.

అందరూ ఆ విగ్రహం చూసి దిగిపోతారు. నేను చెప్పేది, కింది అంతస్తు కూడా చూడండి. అది పూర్తి కాలేదు. పూర్తి కానిది చూస్తేనే పని ఎట్టా చేశారో తెలుస్తది. సగం చెక్కిన స్తంభాల మీద ఉలి దెబ్బలు కనపడతాయి. మా మేనమామ రాళ్లు కొట్టే పనికి పోతాడు. ఆయన్ని తీసుకుపోయి చూపిస్తే, పాఠం పుస్తకంలో లేని సంగతులు ఎన్నో చెప్పాడు. ఏ వైపు నిలబడి కొట్టారో, ఎక్కడ రాయి మెత్తగా ఉందో వేలు పెట్టి చూపించాడు. అప్పుడు నాకనిపించింది, మన ఇళ్లల్లో చదువు రాని వాళ్లకు కూడా ఈ చోట్ల గురించి తెలుసు అని.

వచ్చేటప్పుడు సీతానగరం దగ్గర ప్రకాశం బ్యారేజీ చూడండి. అక్కడ మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. అది 1952 వరదల్లో తెగింది. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో పూర్తయింది. మన జిల్లాలో చాలా మాగాణి పండేది దీని నీళ్లతోనే. మిర్చి చేలకు, పత్తి చేలకు కూలికి పోయే మన అమ్మానాన్నలకు కాలవ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో బాగా తెలుసు.

2. అమరావతి: పోయిన రాళ్ల కథ

కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి పాత పేరు ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో ఇక్కడి బౌద్ధ స్తూపం దేశంలో పెద్ద వాటిలో ఒకటి. పల్నాటి సున్నపురాతి పలకల మీద బుద్ధుడి కథలు చెక్కారు. కానీ మనం పోయి చూస్తే అక్కడ ఒక మట్టి దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు. "ఇంతేనా?" అనిపిస్తది.

మిగతావి ఏమైనాయి? 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో ఊరు కట్టిస్తుంటే ఆ దిబ్బ రాళ్లు కట్టడాలకు వాడారు. 1797లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా శిల్పాలు మద్రాసుకు పంపాడు. అక్కడి నుంచి 1859లో ఓడ మీద లండనుకు పోయినాయి. ఈ రోజు అమరావతి శిల్పాలు బాగా చూడాలంటే లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలోనూ చూడాలి. మిగిలినవి కొన్ని అమరావతి మ్యూజియంలో ఉన్నాయి.

దీన్ని బట్టి ఏం తెలుస్తుంది? విలువ తెలియనప్పుడు ఊళ్లోవాళ్లు రాళ్లు గోడలకు వాడుకున్నారు. విలువ తెలిసినవాళ్లు ఓడెక్కించి తీసుకుపోయారు. రెండు రకాలుగానూ పోయింది మనదే. ఇవాళ నేను ఒక రాతి మీద పేరు గీకితే, నేను మూడో రకం అవుతాను.

3. నాగార్జునకొండ: నీళ్ల కింద ఊరు

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణ లోయలో ఉండేది. 1926లో అక్కడ శిథిలాలు ఉన్నాయని బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. డ్యాము కడితే లోయ మొత్తం మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా తొందర తొందరగా తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద మళ్లీ కట్టారు. ఇంకొన్నింటిని గట్టు మీద అనుపు అనే చోట కట్టారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపం అయింది. దాని మీద మ్యూజియం ఉంది. లాంచీలో పోవాలి.

ఇట్లాంటి పనే ఈజిప్టులోనూ చేశారు. నైలు నది మీద అస్వాన్ డ్యాము కడుతుంటే, అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి 1964 నుంచి 1968 దాకా పైకి ఎత్తి నిలబెట్టారు. మనవాళ్లు అంతకు ముందే చేశారని చదివి సంతోషించాను.

కానీ ఒక సంగతి ఆలోచించండి. రాళ్లకు కొండ మీద చోటు దొరికింది. లోయలో ఊళ్లు ఉన్న మనుషులు మాత్రం ఇల్లూ పొలం వదిలి వేరే చోట్లకు పోవాల్సి వచ్చింది. మ్యూజియంలో ఇక్ష్వాకు రాణుల దానాలు చెప్పే శాసనాలు ఉన్నాయి. లేచిపోయిన ఊళ్ల కథలు మాత్రం ముసలోళ్ల నోళ్లల్లోనే ఉన్నాయి. మాచర్ల వైపు నుంచి వచ్చిన మన తండా మిత్రులు ఎవరన్నా వాళ్ల తాతల్ని అడిగి రాస్తే ఈ గోడ పత్రికలో వేద్దాం.

అక్కడికి 11 కిలోమీటర్లలో ఎత్తిపోతల జలపాతం. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. కింద మొసళ్ల పెంపకం కేంద్రం ఉంది. కాబట్టి కింద నీళ్లల్లోకి దిగొద్దు అంటే దిగొద్దు.

4. నల్లమల: "మా ఇంటికి టికెట్టా?"

మా గదిలో నల్లమల నుంచి వచ్చిన చెంచు తమ్ముడు ఒకడున్నాడు. నేను టూరుకు శ్రీశైలం అడవి సఫారీ పోదామని అంటే వాడు నవ్వి, "మా ఇంటికి రావడానికి టికెట్టు కొంటారా అన్నా?" అన్నాడు. తర్వాత కొంచెం సేపు ఆగి, "మా అయ్య తేనెకు పోవాలంటేనే భయపడతాడు, మీరు జీపులో పోతారు" అన్నాడు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనియ్యలేదు. అందుకే ఈ సంగతి వివరంగా తెలుసుకున్నాను.

అడవిని కాపాడటానికి 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ముఖ్యంగా రెండు రకాల చోట్లు ఉంటాయి.

అభయారణ్యం: ఇక్కడ జంతువుల్ని వేటాడకూడదు. పశువుల మేత లాంటి వాటికి అధికారులు హద్దులు పెట్టి ఒప్పుకోవచ్చు.

నేషనల్ పార్కు: ఇక్కడ కట్టుబాటు ఇంకా గట్టిది. పశువుల్ని మేపడానికి కూడా వీల్లేదు.

ఇవి కాక 1973లో మొదలైన ప్రాజెక్టు టైగర్ కింద పులుల కోసం టైగర్ రిజర్వులు ఏర్పాటు చేశారు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతల ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది.

ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు 1872లో అమెరికాలో పెట్టిన ఎల్లోస్టోన్. అక్కడ తరతరాలుగా తిరిగిన ఆదివాసుల్ని బయటికి పంపేశారు. మన దేశంలో మొదటిది 1936లో పెట్టిన హెయిలీ పార్కు. ఇప్పుడు దాని పేరు జిమ్ కార్బెట్. అడవిలో మనిషి ఉండకూడదు అనే ఆలోచన చాలా చోట్ల ఇట్టాగే నడిచింది.

మరి చెంచుల సంగతి? 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవిలో ఉంటున్న గిరిజనులకు భూమి మీద, తేనె, బంక, కుంకుడు కాయల్లాంటి చిన్న అటవీ ఫలసాయం మీద హక్కులు ఉన్నాయని ఆ చట్టం చెప్తుంది. అభయారణ్యాల్లోనూ, నేషనల్ పార్కుల్లోనూ కూడా ఈ హక్కులు వర్తిస్తాయి. పులుల కోసం గూడెం ఖాళీ చెయ్యమనాలంటే అక్కడి వాళ్లు ఇష్టపడి ఒప్పుకోవాలి. చట్టంలో ఉన్నది చేతికి రావాలంటే గ్రామసభలో మాట్లాడాలి, కాగితం రాయాలి. మనం చదువుకునేది అందుకు కూడా.

ఇంకో సంగతి. నల్లమలలో పులుల్ని కాపాడే బేస్ క్యాంపుల్లో చాలా మంది చెంచులు వాచర్లుగా పని చేస్తున్నారు. పులి అడుగు చూసి ఎంత సేపటి కిందట పోయిందో, ఎటు పోయిందో వాళ్లు చెప్పగలరు. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి చారలు చూసి పులుల్ని లెక్కపెడతారు. మన వేలిముద్రల లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు. కానీ కెమెరా ఏ బాటలో కట్టాలో చెప్పాలంటే అడవి తెలిసినోడు ఉండాలి గదా!

మా తమ్ముడికి ఇది చదివి వినిపించాను. "అయితే టూరుకు పోదాం. కానీ జీపులో ముందు సీటు నాది, చెప్పేది నేను" అన్నాడు. నాకు ఇది న్యాయంగా తోచింది.

5. మన రాష్ట్రంలో నేషనల్ పార్కులు మూడు

మన ఆంధ్రప్రదేశ్ లో ఇప్పుడు మూడు నేషనల్ పార్కులు ఉన్నాయి. పోటీ పరీక్షల్లో కూడా అడుగుతారు, నోట్సులో రాసుకోండి.

(అ) శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు: తిరుమల శేషాచలం కొండల్లో 1989లో ఏర్పడింది. సుమారు 353 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. ఈ కొండల చుట్టుపక్కల యానాదులు ఎన్నో తరాలుగా ఉంటున్నారు.

(ఆ) పాపికొండ నేషనల్ పార్కు: గోదావరి రెండు కొండల మధ్య ఇరుకుగా పారే చోటు. 2008లో ప్రకటించారు. సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. ఇది కొండరెడ్ల, కోయల నేల. పోలవరం ముంపు వల్ల వాళ్ల ఊళ్లు ఎన్నో లేచిపోవాల్సి వస్తున్నది. నాగార్జునకొండ కథ మళ్లీ ఇక్కడ నడుస్తున్నది.

(ఇ) రామేశ్వరం దగ్గరి రాజీవ్ గాంధీ నేషనల్ పార్కు: కడప జిల్లాలో పెన్న ఒడ్డున 2005లో ఏర్పడింది. 2.4 చదరపు కిలోమీటర్లే. నేషనల్ పార్కు అంటే పెద్దదే కానక్కర్లేదని దీన్ని బట్టి తెలుస్తుంది.

పార్కు అన్న పేరు చూసి ఉయ్యాలలు, జారుడు బల్లలు ఉంటాయనుకునేరు! మా చిన్న తరగతి తమ్ముళ్లు నిజంగానే అట్టా అడిగారు.

6. ఎట్టా పోవాలి?

డబ్బు తక్కువ, రోజులు తక్కువ. అందుకని మెట్టు మెట్టుగా పోదామని నా మనవి.

ఒక పూట: ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ. నడిచిపోవచ్చు. ఖర్చు దాదాపు లేదు.

ఒక రోజు: అమరావతి. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రం స్టడీ అవర్ లోపు రావచ్చు. లేదా గుంటూరు దగ్గర ఉప్పలపాడు. అక్కడ ఊరి చెరువుల్లో చెట్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఊరోళ్లు తాగునీటి చెరువులోనే పక్షుల్ని ఉండనిచ్చారు. మనుషులు మనసు పెడితే ఏమవుతుందో అక్కడ చూడొచ్చు.

రెండు రోజులు: మాచర్ల మీదుగా సాగర్, అనుపు, నాగార్జునకొండ, ఎత్తిపోతల.

మూడు రోజులు: దోర్నాల, తుమ్మలబైలు సఫారీ, శ్రీశైలం. ఆ ఘాటు రోడ్డులో రాత్రిపూట జంతువులు తిరుగుతాయని బండ్లు పోనివ్వరు. కాబట్టి పొద్దు గూకక ముందే గేటు దాటేటట్టు బయల్దేరాలి.

జాగ్రత్తలు:

1. నాగార్జునకొండ, అమరావతి మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ఆ రోజు పోతే గేటు చూసి రావడమే.

2. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. స్కూలు ఐడెంటిటీ కార్డు దగ్గర పెట్టుకోండి.

3. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పోవడం మంచిది. మన ఎండలు మీకు తెలిసినవే. వానాకాలంలో పులుల అడవిలో సఫారీ ఆపుతారు. ముందే కనుక్కోవాలి.

4. లాంచీలో లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ఉక్కగా ఉందని విప్పొద్దు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగి ఎంతోమంది చనిపోయారు. నీళ్ల దగ్గర హీరోయిజం పనికిరాదు.

5. అడవిలో పాటలు, కేకలు, సెల్లులో పాటలు వద్దు. ప్లాస్టిక్ కవర్లు జింకలు తిని చచ్చిపోతాయి. తీసుకుపోయిన కవరు మళ్లీ సంచిలో వెనక్కి రావాలి.

6. కోతులకు బిస్కెట్లు వెయ్యొద్దు. అవి రోడ్డుకు అలవాటు పడి బండ్ల కింద పడతాయి.

7. రాళ్ల మీద రాయొద్దు. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే 2010 నాటి సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నన్ను ఆ తాత వదిలేశాడు. అందరూ వదలరు.

మీకు తెలుసా?

* ఒక్క డ్యాము కోసం లోయలోని పాత కట్టడాలను కొండ మీదికి ఎక్కించిన చోటు మన నాగార్జునకొండ.

* రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కట్టకూడదు.

* ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం.

చివరి మనవి

వార్డెన్ గారూ, ఈసారి టూరు ఒకటి కాకుండా రెండుగా చేయమని కోరుతున్నాం. టర్ముకు ఒక పూట ఉండవల్లికి అందరం. ఏడాదికి ఒకసారి సాగరుకో నల్లమలకో పెద్ద తరగతులు. పోయే ముందు గదికి ఒకరు ఆ చోటు గురించి ప్రేయరులో ఐదు నిమిషాలు చెప్పాలి. వచ్చాక ప్రతి ఒక్కరూ అర పేజీ రాయాలి. ఏ చోటికి పోతే ఆ వైపు నుంచి వచ్చిన పిల్లోడే మనకు గైడు. ఎరుకల, యానాది, సుగాలి, చెంచు అని మనం రిజిస్టరులో రాయించుకుంటాం గానీ, ఒకరి ఊరు ఒకరం చూసుకోలేదు. మొదట అది చూద్దాం.

మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతనో అవ్వనో ఒక్క ప్రశ్న అడిగి రండి: "మన ఊరి దగ్గర పాత రాయి, పాత బావి, పాత గుట్ట ఏదన్నా ఉందా? దాని కథేంది?" ఆ కథ రాసి ఈ గోడ పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. వచ్చే సంచికలో మీ పేరుతో వేస్తాం. పేరు రాసుకోవడానికి రాళ్లు అక్కర్లేదు, ఇక్కడ కావాల్సినంత కాగితం ఉంది.

నేను మాత్రం ఈ ఆదివారం మళ్లీ ఉండవల్లి పోతున్నాను. ఆ తాతకు ఈ వ్యాసం చదివి వినిపించాలి. వచ్చేవాళ్లు శనివారం స్టడీ అవర్ అయ్యాక నా దగ్గర పేరు చెప్పండి. కంపాసు బాక్సులు హాస్టల్లో పెట్టి రండి!

ఇట్లు
9వ తరగతి విద్యార్థి